రెండో చెవి

ఆర్నీ,

ఇయర్‌బడ్స్ పాడవలేదు, కొత్తవి కొనేది లేదు. రాత్రంతా ట్రక్కులో వదిలేస్తే ఈ డులూత్ చలికి ఏ బ్యాటరీ అయినా చస్తుంది. ఇంట్లోకి తెచ్చి బ్రెడ్ డబ్బా పక్కన పెట్టాను. వెచ్చబడ్డాకే ఛార్జింగ్ పెట్టు. బయటికెళ్తే కోటు లోపలి జేబులో వేసుకో. బయటి చప్పుడు వినపడకుండా చేసే సెట్టింగు తీసేశాను, ఛార్జింగ్ తినేసేది అదే. మళ్లీ పెట్టావంటే ఊరుకోను.

ఇకనుంచి ఒకసారికి ఒక్కటే పెట్టుకో. రెండోది దాని ఛార్జింగ్ డబ్బాలో ఛార్జ్ అవుతుంటుంది. అలా మార్చుకుంటే సాయంత్రం దాకా వస్తాయి మహానుభావా.

డ్యూటీకి వెళ్తున్నా.

మార్లీస్

మోకాలి వాపు తగ్గింది. నిన్న గుమ్మం ముందు జారిపడి, లేవలేక నిన్ను ఎంత పిలిచానో. నువ్వేమో పాటలు వింటూ పక్కనే మంచు ఎత్తిపోస్తున్నావు. ఆ రెండో చెవి నాకు వదిలెయ్.