తూర్పు మూల జాగా

నల్గొండ, ఫిబ్రవరి 2019

బిడ్డ గ్లోరీకి, నల్గొండ ఎండల నిలబడి పెద్దబాపు ఇస్రాయేలు పంపే దీవెనలు.

మా కొత్త బిల్డింగు స్లాబులు అయిపోయినయి. కిరాయిదార్లు మెట్ల మీద సిలిండర్లు మోసే తిప్పలు లేకుండ, అన్నీ మెట్ల కింద పెట్టి ప్రతి వంటింటికి పైపు ఏయిద్దామనుకున్న. హైదరాబాద్‌ల నీది గదే కొలువు గదా, దీంతోని బిల్డింగు ప్లాను నక్ష పెట్టిన, చూసి ఒక మాట రాయి. ఫోన్ చెయ్యకు. నువ్వు గ్యాస్ అంటే నాకు గ్లాస్ అని వినబడతది.

నీ పెద్దబాపు

తా.క.: మెట్ల కింద మస్తు చల్లగున్నది. సిలిండర్లకు హాయి.

హైదరాబాద్

పెద్దబాపుకు వందనాలు.

నక్ష చూశాను. మెట్ల కింద మాత్రం వద్దు. ఈ గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, కిందికి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందరూ బయటపడాల్సిన దారి కూడా ఆ మెట్లే. సిలిండర్లు ఇంటికి, మురికినీటి మోరీకి, నీళ్ల సంపుకు దూరంగా, గాలాడే చోట ఉండాలి. అందుకని నాకు తూర్పు మూల జాగా కావాలి. అక్కడ కట్టే గోడ కింది భాగంలో గాలి పోయే జాలీ నేనే పెట్టిస్తాను.

ప్రేమతో, గ్లోరీ

తా.క.: ఇంకెవరికైనా మాట ఇచ్చేవు, ఆ మూల నాది!

నల్గొండ

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చినకాడి నుంచి గదే ఆలోచన. ఉత్తరం చదివి మీ పెద్దమ్మ బాలనర్సమ్మ, "పిల్ల గ్యాస్ మీద పెట్టి వాటా అడుగుతాంది" అన్నది. నీ మీద కోపం లేదు. మీ బాపు సాల్మన్ పోయినంక తమ్ముని బిడ్డకు ఇంత జాగా ఇయ్యాలని నాకే తోచకపాయె. సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకు పోతున్న.

నీ పెద్దబాపు

తా.క.: జాలీ ఎందుకు? జాగా నీదైనంక నిండు గోడ కట్టుకో. ఎవ్వరూ తొంగి చూడరు.

హైదరాబాద్

పెద్దబాపూ, ఆగు!

నేను అడిగింది సిలిండర్లకు, నాకు కాదు. ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. రిజిస్ట్రేషన్ ఆపు. నిండు గోడ అసలే వద్దు. లీకైన గ్యాస్ బయటికి పోయేది కింది జాలీలోంచే.

కంగారుగా, గ్లోరీ

తా.క.: పెద్దమ్మ ముఖం ఎలా చూడాలి?

నల్గొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందేసరికి సంతకాలు అయిపోయినయి. రిజిస్ట్రారు సారు, "గింత ముక్క ఎందుకు పెద్దమనిషీ?" అని నవ్విండు. "మా తాతలకు గీ మాత్రం కూడ లేకుండె సారూ" అన్న. ఆయన నవ్వు ఆపిండు. గది కడుతున్నం, జాలీ కిందనే పెట్టిస్తున్న. నీ జాగాల మా సిలిండర్లు పెట్టుకోనిస్తవా? వచ్చి చెప్పు.

నీ పెద్దబాపు

తా.క.: నేను తల పట్టుకొని కూసుంటే మీ పెద్దమ్మ నవ్వుతాంది. నువ్వు సిలిండర్లకే అడిగినవని ఆమెకు మొదటి దినమే ఎరుకట. "మరి నాకెందుకు చెప్పలే?" అన్న. "చెప్తే రాసిస్తుంటివా?" అన్నది.