పాప పలకని పది రోజులు

అమ్మాయీ,

అన్నం మూతపెట్టి ఉంచాను. కాలేజీ నుండి రాగానే తిని, చెవుల ఆసుపత్రికి రా. పాపను అక్కడికే తీసుకొని వెళుతున్నాను. జ్వరం తగ్గి పది రోజులైంది. నా పద్యంలో చివరి మాటను అందుకునే పిల్ల, అప్పటినుండి నా పెదవుల వంక చూస్తున్నదే కాని పలకడం లేదు. ఈ ఉదయం దాని వెనుకనే ఇత్తడి పళ్లెం పడినా తల తిప్పలేదు. శిశువుల మనోవికాసంపై నీ పాఠ్యపుస్తకం తెరిచి చూశాను. నీవు ఎర్రసిరాతో గీతలు గీసిన హెచ్చరికలన్నీ మన పాపలో ఉన్నాయి.

“మామయ్యా, పాప ముభావంగా ఉందేమిటి?” అని మొన్న నీవడిగితే, దేవునికి పద్యం చదివిన నోటితోనే “పళ్లు వస్తున్నాయిలే” అని బొంకాను. పాపకోసం రెండేళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టిన చదువును తిరిగి మానేస్తావని భయపడ్డాను.

తా.క. డాక్టరు ఏమి చెప్పినా రేపటి పరీక్ష మానవద్దు. అడిగే అర్హత పోగొట్టుకొని అడుగుతున్నాను.