ఉంటానండి అన్నందుకు

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సుజాత ప్రభువు పేరున వందనాలు చెప్పి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మండపేటలో నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? కుట్టుమిషను ముందు గంటల తరబడి అలాగే కూర్చోకు, మధ్య మధ్యలో లేస్తూ ఉండు. బావగారు మిల్లు లారీ మీద దూరం లోడులకి వెళ్ళడం తగ్గించారా లేదా?

ఫోనుండగా ఈ ఉత్తరం ఏంటని బావగారు నవ్వుతారు. కానీ నువ్వే కదా అడిగావు. "ఫోన్లో నువ్వు చెప్పేదాంట్లో సగం పిల్లలు మింగేస్తారు, మిగతా సగం మిల్లు మోత మింగేస్తుంది. కాగితం మీద రాయవే, మధ్యాహ్నం తీరిగ్గా చదువుకుంటాను" అన్నావు. అందుకని న్యూజిలాండ్ వచ్చాక మొదటిసారి తెలుగులో ఇంత పొడుగు రాస్తున్నాను. వంకర టింకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

అక్కడ నాట్లు పడుతూ ఉంటాయి. ఇక్కడ నిండు చలికాలం. పొద్దున్నే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. ఎలా ఉంటుందో చూద్దామని చెప్పులు విప్పి తొక్కాను. ఆ రోజంతా కాళ్ళు నావి కానట్టే ఉన్నాయి. ఇంకో వింత చెప్తాను. ఇక్కడ సూర్యుడు దక్షిణం వైపుకి వాలడు, ఉత్తరం మీదుగా పోతాడు. నాకా సంగతి తెలియక ఇంటికి దక్షిణం వైపు బట్టలు ఆరేసి, రెండు రోజులైనా ఆరకపోతే సబ్బులో ఏదో తేడా ఉందనుకున్నాను.

తిండి గురించి బెంగ పెట్టుకోకు. బియ్యం దొరుకుతున్నాయి, పప్పు దొరుకుతోంది, చింతపండు కూడా దొరికింది. చేపలు మాత్రం తలకాయ లేకుండా ముక్కలు చేసి అద్దాల పెట్టెలో పెట్టి అమ్ముతారు. మరి తలకాయలు ఏం చేస్తారని కొట్టాయన్ని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి, సంచి నిండా తెచ్చి ఊరికే ఇచ్చేశాడు. ఆ రోజు పులుసు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. తలకాయ కోసం నాతో పోట్లాడే వాళ్ళు లేకపోతే రుచి కొంచెం తగ్గింది, అబద్ధమెందుకు.

ఇక నా చదువు. కంప్యూటర్ టెక్నికల్ సపోర్ట్ అంటే ఏంటే అని నువ్వు మూడుసార్లు అడిగావు. రాజమండ్రిలో స్కూలు ఆఫీసులో ఉన్నప్పుడు ప్రింటరు ఆగిపోతే "సుజాత గారూ, ఒకసారి చూడండి" అని పిలిచేవారు కదా. నేను ఏదో నొక్కేదాన్ని, అదేదో కదిలేది. ఎందుకు ఆగిందో నాకు తెలియదు, ఎందుకు కదిలిందో కూడా తెలియదు. ఇక్కడ చదువంతా ఆ 'ఎందుకు' గురించే. పెట్టె విప్పి ఏ ముక్క ఏం పని చేస్తుందో చూపిస్తారు. ఇంటర్నెట్ వైరు కోసి చూపిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలు, ఒక్కోటీ ఒక్కో రంగు, జతజతగా మెలేసి ఉన్నాయి. నీ దారపు రీళ్ళు గుర్తొచ్చాయి. ఎందుకు మెలేశారని అడిగితే, ఒక జత మాట ఇంకో జతకి వినపడకుండా ఉండడానికట.

మాకు పాఠం చెప్పే ఆయన పేరు డేవిడ్. పేరు పెట్టే పిలవమంటారు. ఆయన తల నెరిసిన మనిషి, నాకు నోరు రాక సర్ అనే అంటున్నాను. ఆయన చెప్పిన ఒక కిటుకు నాకు భలే నచ్చింది. ఫోన్లో సాయం అడిగిన వాళ్ళని "ప్లగ్గు సరిగ్గా పెట్టారా" అని అడగకూడదట. అందరూ పెట్టామనే అంటారు. "ఒకసారి ప్లగ్గు తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ పెట్టండి" అనాలి. అప్పుడు ఊడిపోయి ఉన్నదాన్ని వాళ్ళంతట వాళ్ళే చూసుకుంటారు, పరువూ పోదు. మన ఇంటికి వచ్చిన వాళ్ళని తింటారా అని అడిగితే ఇప్పుడే తిని వచ్చామండి అంటారని, అమ్మ పోయాక నువ్వు నాకు వంట నేర్పుతూ, అడక్కుండా కంచం పెట్టెయ్యమనేదానివి. అదీ ఇదీ ఒకటే కదా. ఆ మాట డేవిడ్ గారితో చెప్తే చాలా సంతోషపడ్డారు.

ఇంత సరదాగా చెప్తున్నానని అంతా సవ్యంగా నడిచిందనుకోకు. నీకు ఫోన్లో పరీక్ష ఉందని మాత్రమే చెప్పాను, చెప్పని సంగతి ఒకటుంది. పోయిన నెల ఫోను పరీక్షలో తప్పాను. ఆ పరీక్షకి రెండే అవకాశాలు. రెండోసారి కూడా తప్పితే కోర్సులోంచి తీసేస్తారు. నేను చదువు వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి పెట్టె సర్దుకుని వచ్చెయ్యడమే.

ఎలా తప్పానో వింటే నవ్వుతావు. డేవిడ్ గారు పక్క గదిలోంచి కంప్యూటర్ పాడైన వాడిలా ఫోన్ చేశారు. అన్నీ సరిగ్గా అడిగాను, సరిగ్గా చెప్పాను. చివర్లో ఫోను మనం ముందు పెట్టెయ్యకూడదు, అవతలి వాళ్ళే పెట్టాలి, అది రూలు. మనం ఏమంటాం? "మరి ఉంటానండి" అంటాం. నేను దాన్నే ఇంగ్లీషులోకి తిప్పి, "ఐ విల్ బి హియర్ సర్" అన్నాను. ఇక ఆయన పెట్టేస్తారని నేను, ఇంకా ఏదో వెతుకుతున్నానని ఆయన. ఇద్దరం చెవికి ఫోను ఆనించుకుని గమ్మున కూర్చున్నాం. టైము అయిపోయింది. కాల్ ముగించలేదని ఫెయిలు చేశారు.

ఆ తర్వాత అద్దం ముందు నిలబడి "థాంక్యూ ఫర్ కాలింగ్, గుడ్‌బై" అని బడిపిల్లలా బట్టీ పట్టాను. రెండో పరీక్ష ఉత్తుత్తి కాల్ కాదు. ఊళ్ళో వాళ్ళు కంప్యూటర్ ఇబ్బంది వస్తే మా కాలేజీకి ఫోన్ చేయొచ్చు, స్టూడెంట్లే సాయం చేస్తారు. అలా వచ్చిన కాల్ ఒకటి నాకిచ్చి, డేవిడ్ గారు పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ మార్కులు వేస్తారు.

పోయిన మంగళవారం నాకు ఒక పెద్దాయన తగిలారు. ఊరి బయట ఆవుల్ని పెంచుకునే రైతు. ప్రింటరు పని చేయడం లేదన్నారు. ప్లగ్గు తీసి తుడిచి పెట్టమన్నాను. కాసేపు ఏవో చప్పుళ్ళు వినిపించాయి, ఆ తర్వాత ప్రింటరు గుయ్‌మంది. ఆయన థాంక్స్ చెప్పారు. ఇప్పుడు నేను బట్టీ పట్టింది చెప్పాలి. నోరు తెరిచానో లేదో, "ఐ విల్ బి హియర్ సర్" అని వచ్చేసింది.

పక్కన డేవిడ్ గారు కలం ఎత్తడం చూశాను. ఇక అయిపోయిందనుకున్నాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు రాలేదు. అప్పుడు ఆ పెద్దాయన మెల్లగా అన్నారు: "ఇంకా ఉన్నావా అమ్మాయ్? ఉంటానన్నావు కాబట్టి ఇంకొకటి అడుగుతాను."

పొద్దున ఎవరో ఫోన్ చేసి, మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, బాగుచేస్తాం, ఇది నొక్కండి అది నొక్కండి అన్నారట. ఆయన నొక్కారు. అప్పటినుంచి తెర మీద బాణం గుర్తు దానంతట అదే తిరుగుతోందట. "ఇప్పుడు కూడా తిరుగుతోంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. ఆమెకి చెప్పలేదు. నీకూ చెప్పకుండా పెట్టేద్దామనే అనుకున్నాను" అన్నారు. ప్రింటరు ఉత్త సాకు, అక్కా. ఇది అడగడానికి సిగ్గేసి అది అడిగారు.

నా భయం ఎటు పోయిందో తెలియదు. ముందు ఇంటర్నెట్ పెట్టె స్విచ్ కట్టెయ్యమన్నాను. కట్టేసి వచ్చి, బాణం ఆగిందన్నారు. కంప్యూటర్ కూడా ఆపేయించి, బ్యాంకు కార్డు వెనకాల ఉన్న నంబరుకి వెంటనే ఫోన్ చేయమన్నాను. ఆ మెషీన్ మా దగ్గరికి తెస్తే శుభ్రం చేసి ఇస్తామని, అంతవరకు ఆన్ చేయొద్దని చెప్పాను. ఇలాంటివాళ్ళ చేతిలో చదువుకున్నవాళ్ళు కూడా పడుతున్నారు, మీ తప్పేం లేదు, ఇంట్లో చెప్పండి అన్నాను. ఆయన "చెప్తాను" అని ఫోను పెట్టేశారు.

డేవిడ్ గారు హెడ్‌ఫోన్స్ తీసి, "ఆయన మనసులో ఇంకొకటి ఉందని నీకెలా తెలిసింది?" అని అడిగారు. తెలిసిందని చెప్పేస్తే బాగానే ఉండేది. "తెలియదు సర్, నోరు జారింది" అన్నాను. మా వైపు ఫోను పెట్టేసేముందు వెళ్తానని అనం, ఉంటాననే అంటాం అని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వి, "వుంటా నండీ" అని రెండు మూడుసార్లు అని చూసుకున్నారు. తర్వాత కాగితం మీద ఒక గడి చూపించారు. కాల్‌ని అవతలి మనిషే ముగించాలి అని ఉంది. ముగించింది ఆ రైతే కదా అని అక్కడ టిక్కు పెట్టారు. పాసయ్యాను అక్కా.

గదికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. సంతోషమే, కాదనను. కానీ తప్పితే ఇంటికి వచ్చెయ్యొచ్చు కదా అని లోపల ఒక మూల ఆశ పడ్డానని అప్పుడే తెలిసింది. ఇంకో ఏడాదిన్నర దాకా రాలేను.

ఎండు రొయ్యలు పంపకు, ఇక్కడి ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. కుదిరితే నువ్వు కుట్టిన నూలు నైటీలు రెండు పంపు. రాత్రి చలికి మూడేసి దుప్పట్లు కప్పుకుంటున్నాను, జలుబు మాత్రం ఏమీ లేదు. బావగారికి, పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి నా వందనాలు చెప్పు. పిల్లల్ని ముద్దాడానని చెప్పు. సంఘంలో పెద్దవాళ్ళందరినీ నా కోసం ప్రార్థనలో తలుచుకోమని అడుగు.

పరీక్ష రోజున నువ్వు ఉపవాసం ఉన్నావని బావగారు చెప్పారు. నేను పాసవ్వాలనే అడిగి ఉంటావు. వచ్చేస్తే బాగుణ్ణు అని నీకూ ఉండే ఉంటుంది, కానీ దాన్ని ప్రభువు ముందు పెట్టి ఉండవు. నేనూ పెట్టలేదు. మనిద్దరం నోరు తెరిచి ఏది అడిగామో అదే ఇచ్చాడు.

నీ దీవెనలు కోరే
నీ చెల్లెలు,
సుజాత