నాన్న వేలిముద్ర

తమ్ముడూ,

అల్మారాలో ఉన్న మిగతా బంగారు నాణేల జోలికి వెళ్ళకు. తాళంచెవి నేను తీసుకెళ్తున్నాను, దానికోసం ఇల్లు పీకి పందిరెయ్యకు. ఆ టూత్‌పేస్టూ బ్రష్షూ ఇక నీ పళ్ళ మీదే వాడు.

"అక్కా, మురికంతా వదలగొట్టాను చూడు" అని పొద్దున పళ్ళికిలిస్తూ పెద్ద నాణెం నా చేతిలో పెట్టావు. అది మురికి కాదురా. నాన్న నాణేలను ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకునేవాడు. నువ్వు పుట్టావని ఫోనొచ్చిన రోజు మాత్రం కంగారులో ఈ పెద్దదాని నడిమధ్య బొటనవేలు పెట్టేశాడు. బంగారంలో కలిసిన రాగికి వేలి చెమట తగిలి, ఆ ముద్ర ఎర్రగా తేలడానికి ఇన్నేళ్ళు పట్టింది. నువ్వు పది నిమిషాల్లో తోమేసి, పైగా గీతలు పెట్టావు. నీ తెలివికో దండం.

నాణెం నీ బల్ల మీద పెట్టాను, చూసుకుని మురిసిపో. సాయంత్రం నేనొచ్చేసరికి నా కళ్ళబడకు. అన్నం మూతపెట్టి ఉంది, తిని మరీ పో.

అక్క

తోమాక నువ్వూ దాన్ని నడిమధ్యే పట్టుకున్నావు, ఏబ్రాసీ. ఆ వేలిముద్ర తుడవకు. అది ఎర్రబడేదాకా నిన్ను తిడుతూనే ఉంటాను.