జంటకత్తులు ఎందుకు వదిలేశానంటే

చిరంజీవి చిన్నోడికి,

మీ అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ వేళకి తింటున్నావనీ, తినకపోయినా తిన్నానని రాస్తావనీ తెలుసు.

ఆ "అందరం క్షేమం" అన్న మాట చెప్పగానే మీ బావ కలం ఆపి నా మొహంలోకి చూశారు. "రాయండి, ఉత్తరమన్నాక ఆ మాట ఉండాలి" అన్నాను. రాశారు. అవును, ఈ చేతిరాత మీ బావది. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, అక్షరాలు కూడా బోల్టులు బిగించినట్టు ఒత్తి ఒత్తి రాస్తారు. కాగితం వెనక్కి తిప్పితే గరుగ్గా వేలికి తగులుతున్నాయి. ఆయన చేత ఎందుకు రాయిస్తున్నానో చెబుతాను, కాస్త ఆగు. నీకు ఓపిక తక్కువని తెలుసు. చిన్నప్పటినుంచీ అంతే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పాప బాగుంది. తొమ్మిదేళ్ళు నిండాయి, నోరు మాత్రం తొంభై ఏళ్ళది. "మావయ్య ఎప్పుడొస్తాడు" అని అడుగుతూనే, "వచ్చినా పెద్ద లాభం లేదులే, నాకు ఆట ఇవ్వడు" అంటోంది. వంటింటి గోడ చెమ్మ ఆరింది. పై అంతస్తువాళ్ళ పైపు కారుతోందట, వాళ్ళు ఒప్పుకునేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది. నీ క్రేన్ గదిలో కొత్త కుర్చీ వేశారని రాశావు, సంతోషం. రేవులో అంత ఎత్తున పొద్దస్తమానం కూర్చునేవాడికి నడుము ముఖ్యం.

నెలకో ఉత్తరం ఎవరి చేత్తో వాళ్ళు రాసుకోవాలని అమ్మ పెట్టిన నియమం ఈ నెల నేనే తప్పాను. "మీ ఇద్దరూ ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడితే ఒకటిన్నర నిమిషం ఆ వీడియో గేమ్ కత్తులూ కవచాలే. ఒంట్లో ఎలా ఉందని ఒక్కరూ అడగరు. కాగితం మీదైనా మనుషుల్లా మాట్లాడుకోండి" అనేది కదా. ఆవిడ పోయి ఆరేళ్ళయినా మనం ఆ మాట దాటలేదు. కాకపోతే కాగితం మీదా కత్తులే రాసుకుంటున్నాం.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ ఆఖరి పేజీ మొత్తం ఎర్ర సిరాతో రాశావు. "వచ్చే నెల పోటీలో నా పక్కన జంటకత్తులతో నిలబడతావా, నిలబడవా? ఒక్క మాటలో రాయి. సమ్మెట గొప్పదనం మీద ఇంకో పురాణం విప్పావంటే ఉత్తరం చింపేస్తాను" అన్నావు.

ఇది చదివి మీ బావ "ఏమిటీ గొడవ? బొమ్మ చేతిలో చాకులుంటే ఏమిటి, సుత్తి ఉంటే ఏమిటి?" అన్నారు. చాకులు! నువ్వు ఇక్కడుంటే ఆయన్ని ఇంట్లోంచి పంపేసేవాడివి. కూర్చోబెట్టి చెప్పాను. ఆఖరి గుహలో ఒక కాపలా రాక్షసుడు ఉంటాడండీ, మూడోసారి లేచినప్పుడు రెప్పపాటు సేపు వాడి గుండె మీది రాతిపలక తెరుచుకుంటుంది. జంటకత్తులు పట్టినవాళ్ళు ఆ రెప్పపాటులో ఏడు పోట్లు పొడిచి పక్కకి దొర్లిపోవచ్చు. సమ్మెట పట్టినవాళ్ళు అది ఎత్తేలోపే పలక మూసుకుపోతుంది. దెబ్బ తిని, తట్టుకుని, మళ్ళీ తెరుచుకునేదాకా కాచుకుని ఒక్కటి వెయ్యాలి. అంతా విని ఆయన "అయితే కత్తులే మంచివి కదా" అన్నారు. లిఫ్టు మెకానిక్కి రెండు నిమిషాల్లో అర్థమైంది.

అయినా మన అభిమానుల బృందంలో ఎనిమిది నెలలుగా నేను సమ్మెట జెండా పట్టుకుని ఊరేగుతున్నాను. నలభై మందిమి రెండు ముఠాలయ్యాం. లెక్కల మాస్టారు పట్టిక గీసి పెట్టారు. "అమ్మా, కత్తులతో నాలుగున్నర నిమిషాల్లో అయ్యేది మీ సమ్మెటతో పదకొండు నిమిషాలు పడుతోంది. ఇందులో వాదించడానికి ఏముందో నాకు బోధపడటం లేదు" అన్నారు. "మాస్టారూ, కంగారు వేళ్ళతో ఏడు పోట్లకంటే నిబ్బరంగా ఒక్క దెబ్బ మేలు" అని జవాబిచ్చాను. ఆ ఒక్క వాక్యానికి ఎంతమంది చప్పట్లు కొట్టారో నువ్వూ చూశావు. నువ్వు మాత్రం "అక్కకి వయసు మీద పడింది, ఎవరూ పట్టించుకోకండి" అని రాశావు. ముప్ఫై ఎనిమిదేళ్ళకే వయసు మీద పడుతుందట్రా? అందరి ముందూ నవ్వు బొమ్మ పెట్టాను. ఆ రోజు అన్నం సయించలేదు.

చిన్నోడా, సమ్మెట మీద నాకు నమ్మకం లేదు. ఏనాడూ లేదు. మాస్టారి లెక్క నిజం, నీ మాట నిజం. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించినంతసేపూ నాలుగో కాలు నా చేతిలోనే ఉంది. జంటకత్తులకి గబగబా బటన్ కొట్టాలి. నా కుడిచేతి బొటనవేలు నాలుగో పోటు దగ్గర ఆగిపోతోంది. కొట్టు కొట్టు అంటాను, కదలదు. సమ్మెటకైతే ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు. అంతే కారణం. ఇందులో యుద్ధనీతి ఏమీ లేదు.

చెయ్యి పనిచెయ్యట్లేదని ఒక్క ముక్క చెప్పడానికి సిగ్గుపడి నలభై మందికి పాఠం చెప్పాను. పన్నెండు మంది నమ్మారు. మందుల షాపు ఆవిడ మూడేళ్ళు సాధన చేసిన విల్లు పక్కన పడేసి సమ్మెట ఎత్తుకుంది. అర్హత పోటీలో మొదటి రోజే ఓడిపోయి, జట్టులో చోటు పోగొట్టుకుంది. "తప్పు నాదేనండీ, మీరు చెప్పినంత ఓపిక పట్టలేకపోయాను" అని నాకే క్షమాపణ రాసింది. పదిహేను రోజులైంది. ఆవిడకి ఏమని రాయాలో తెలియక ఆ మెసేజ్ తెరవడం, మూయడం, ఇదే పని.

ఆటలో మొదలై ఆటలోనే ఆగితే బాగుండేది. ల్యాబులో పదహారేళ్ళుగా రక్తం తీస్తున్నాను. చంటిపిల్లలకైనా, మంచం పట్టినవాళ్ళకైనా నరం దొరక్కపోతే "ఆ అక్కని పిలవండి" అనేవారు. మూడు నెలల కిందట ఒక పెద్దావిడకి మూడుసార్లు గుచ్చాను. నాలుగోసారి సూది నా వేళ్ళ మధ్య ఉందో లేదో నాకే తెలియలేదు. కిందికి చూస్తే ఉంది. ఆవిడ కోప్పడలేదు. "అమ్మాయ్, పోనీ ఆ పక్కమ్మాయిని పిలువు. నువ్వు కాసేపు కూర్చో, నీకే చెమటలు పడుతున్నాయి" అంది. కోప్పడినా బాగుండేది. ఇప్పుడు నేను సీసాలకి చీటీలు అంటిస్తున్నాను. రోగులు నా గురించి అడిగినప్పుడల్లా కొత్తగా చేరినమ్మాయి "అక్కకి వేరే పని అప్పజెప్పారండీ" అని చెబుతోంది. నా పరువు కాపాడుతున్నాననుకుంటోంది పాపం.

నరాల డాక్టరమ్మకి చూపించాం. తీగలు అంటించి, కరెంటు పెట్టి, రెండు చేతులూ పరీక్ష చేసింది. ఎడమ చేతికి కూడా మొదలైందట. నరాలు కొంచెం కొంచెంగా చచ్చుబడతాయట. ప్రాణానికి ముప్పు లేదంది. మందు కూడా లేదంది. "మరి ఏం చెయ్యాలండీ" అని మీ బావ అడిగారు. "బరువులు ఎత్తనివ్వకండి, వేడి తగలనివ్వకండి, వేళ్ళకి కసరత్తు చేయించండి" అంది. "తగ్గడానికి ఏం చెయ్యాలి" అని మళ్ళీ అడిగారు. ఆవిడ కాగితాలు సర్దుకుంది. ఇక్కడ మీ బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సంగతి రాయనంటున్నారు. రాసి తీరాలన్నాను.

కాబట్టి ఒక్క మాటలో నీ ప్రశ్నకి జవాబు: నిలబడలేను. కోపం తెచ్చుకోకు. జట్టులో నా చోటు మందుల షాపు ఆవిడకి ఇప్పించు. విల్లుతోనే రమ్మను.

ఇక్కడి నుంచి నా చేతిరాత. మీ బావ పాపకి చెప్పులు కొనడానికి తీసుకెళ్ళారు. ఉత్తరం అయిపోయిందనుకుంటున్నారు. కవరు నేనే అంటించి ఇస్తానన్నాను. పెన్నుకి గుడ్డ చుట్టి పిడికిలితో పట్టుకున్నాను. నాలుగు మాటలకోసారి ఆగాల్సివస్తోంది. నువ్వూ ఆగి ఆగి చదువు.

డాక్టరమ్మ మొదట్లోనే అడిగింది, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని. లేదన్నాను. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే అమ్మ గుర్తొచ్చింది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. నీ స్కూలు చొక్కాకి బొత్తాలు పెట్టాల్సివస్తే నన్ను కేకేసేది. వారానికో గిన్నె జారవిడిచేది, మనం "అమ్మ చేతులకి చిల్లులున్నాయి" అని పడీ పడీ నవ్వేవాళ్ళం. అమ్మా నవ్వేది. ఆవిడకి ఎంత భయం వేసేదో, ఒక్కసారైనా అడిగామా?

మీ బావ బండి తియ్యడానికి వెళ్ళినప్పుడు మళ్ళీ పైకి వెళ్ళి డాక్టరమ్మకి అమ్మ సంగతి చెప్పాను. తల్లికి ఉంటే పిల్లల్లో ఇద్దరిలో ఒకరికి రావచ్చంది. మీ బావకి చెప్పలేదు. ఇప్పుడు పాప చెప్పుల బకిల్ పెట్టుకోవడానికి కొంచెం ఆలస్యం చేసినా దాని వేళ్ళకేసే చూస్తున్నాను. ఆ చూపు ఆయనకి కూడా అంటించాలని లేదు. ఎన్నాళ్ళు దాస్తానో తెలియదు.

పాప అదృష్టం ఎలా ఉందో ఇంకా తెలియదు. నీ సంగతి చెప్పాలి.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్నకి జవాబు రాయకుండా ఇంతదూరం వచ్చాను. చేత్తో పట్టుకుని ఆట ఆడే కంట్రోలర్లు ఏడాదిలో రెండు పాడయ్యాయనీ, నొక్కినా బటన్ పడటం లేదనీ, బావ చేత బాగుచేయించమనీ పార్సిల్ పంపావు. మూడోది కూడా మొరాయిస్తోంది, ఈ కాలం సరుకు ఇంతే అన్నావు. పోయిన శనివారం మీ బావ రెండూ విప్పారు. తీగలు చూశారు, బటన్ల కింది రబ్బరు చూశారు, మీటరు పెట్టి ఒక్కో బటన్ నొక్కి చూశారు. బిగించి పాప చేతికిచ్చారు. అది జంటకత్తులు తీసుకుని ఆ రాక్షసుణ్ణి రెండోసారి లేచేదాకా కొట్టింది. మీ బావ నవ్వి "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ తమ్ముడి సంగతి" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, గిన్నెలేమీ లేని తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? దీనికోసమే చేశాను. నువ్వు ఎత్తగానే "ఏం, సమ్మెట దించావా" అన్నావు. నీ గొంతు ఎంత హుషారుగా ఉందో. నలభై నిమిషాలు సమ్మెట మంచిదని నీతో పోట్లాడి పెట్టేశాను. నాకు నమ్మకం లేనిదాని గురించి అంతసేపు మాట్లాడగలిగాను, ఈ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. నువ్వు గెలిచానని సంబరపడుతుంటే వింటూ కూర్చున్నాను.

నేను గుచ్చితే ఒక పెద్దావిడ మోచెయ్యి కమిలింది, అంతే. నీ క్రేన్ కింద మనుషులు నడుస్తుంటారు, దాని మీటలు నీ వేళ్ళ కింద ఉంటాయి. సెలవైపోయి సోమవారం నువ్వు పైకెక్కేలోగా అందాలని ఇది కొరియర్లో పంపుతున్నాను. ఎక్కకు. ముందు ఆ తీగల పరీక్ష చేయించుకో. నాది అనవసర భయమని తేలితే పోటీలో నిలబడి నలభై మంది ముందూ నన్ను తిట్టు, పడతాను. చిన్నప్పుడు నువ్వు ఏది పగలగొట్టినా నేనే చేశానని అమ్మకి చెప్పి దెబ్బలు తినేదాన్ని. ఇది అలా నామీద వేసుకునేది కాదు. ఎంత వెతికినా దారి కనిపించడంలేదు.

కంట్రోలర్లు తిరిగి పంపుతున్నాను. రెండూ బాగున్నాయిరా, చిన్నోడా. వాటిలో ఏ లోపమూ లేదు.

ఇట్లు,
నీ చేతికి మొదటిసారి ఆట అందించిన
మీ అక్క