చెడు రక్తం

జూలై 9, 2007. ఏలూరు.
ఆశా కార్యకర్తల శిక్షణ మొదటి రోజు. మా లంకలో దోనె ఎక్కినప్పటి నుంచీ వెనక్కి పోదామనే ఉంది. పదో తరగతి తప్పినదాన్ని, నాకెందుకొచ్చిన గోల ఇది... హాల్లో అందరూ నాలాంటివాళ్ళే. అయినా వెనక వరసలో కూర్చున్నాను.

జూలై 10.
నా నోరు ఊరుకోదు కదా. కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోతుంటే మీ ఊళ్ళో ఏమంటారని మేడం అడిగారు. చెయ్యెత్తి చెప్పేశాను — చెడు రక్తం అంటారండీ, ఎంత పోతే అంత మంచిదంటారండీ. మా అత్తయ్య మాటే అది. మా లంకలో పురుళ్ళన్నీ ఆవిడ చేతిమీదే.
ఎవరూ నవ్వలేదు. మేడం బోర్డు దగ్గర్నుంచి నా దగ్గరకొచ్చారు. "చెడు రక్తమని వేరే ఉండదమ్మా. పోయేది ఆ మనిషి రక్తమే."
మధ్యాహ్నం అన్నం దగ్గరా అదే మాట. ఇంట్లో ఆడపడుచు కుమారి ఉంది. తొలి కాన్పుకి వచ్చింది, నెలలు నిండాయి. పురుడు పోసేది కన్నతల్లే, మా అత్తయ్యే.

జూలై 12.
గుడ్డలు తడిసిపోతుంటే, కళ్ళు తిరుగుతుంటే, ఒళ్ళు చల్లబడుతుంటే — ఆగకూడదు, ఆస్పత్రికే. హాల్లో అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. మర్చిపోతే బాగుండుననిపించింది.

జూలై 14. ఇల్లు.
కుమారి జామకాయ కొరుకుతూ, "డాక్టరమ్మగారు వచ్చారండీ" అని ఆటపట్టించింది. నవ్వాను.
ఆస్పత్రిలో పురుడు పోయిద్దామండీ అన్నాను అత్తయ్యతో. కోప్పడలేదు. చేపలు తోముతూనే, నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తున్నానమ్మా అన్నారు. ఆయన్ని అడిగితే, అమ్మకి చెప్పేంతవాడినా అని వల తీసుకుని వెళ్ళిపోయారు. సర్కారోళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక దారి లేదు, ఆటో ఊళ్ళోకి రాదు. రోడ్డెక్కాలంటే దోనే. అవసరం వస్తే అప్పటికప్పుడు ఎలా?

జూలై 15.
చర్చిలో ఏం ప్రార్థించానో ఈ కాగితానికే చెప్పగలను. నేను ఊళ్ళో లేనప్పుడు కాన్పు అయిపోవాలని. ఛీ.

జూలై 16.
సాయంత్రం నుంచి నొప్పులు. పొయ్యి అంటించబోయి మూడు అగ్గిపుల్లలు విరిచాను. అత్తయ్య చేతులు వణకవు.

జూలై 17.
ఆడపిల్ల! గట్టిగా ఏడ్చింది. మాయ కూడా పడిపోయింది. దేవా, నీకు స్తోత్రం.

జూలై 18. ఏలూరు, ఆస్పత్రి వరండా.
నిన్న స్తోత్రమని రాసి పెన్ను మూశాను. తర్వాత లోపలికి వెళితే...
అత్తయ్య గుడ్డలు మారుస్తున్నారు. తీసినవి చుట్టి మంచం కిందికి తోసేస్తున్నారు. పురిటి గుడ్డలు ఎవరి కంటా పడకూడదు, చీకటి పడేలోపు పాతిపెట్టాలి — మా ఇళ్ళలో అంతే. నేను వంగి ఒకటి లాగాను. బరువుగా ఉంది. ఇంకోటి లాగాను. పోనీయమ్మా, చెడు రక్తం అన్నారు. కుమారి మంచినీళ్ళు అడుగుతోంది. బాలింతకి నీళ్ళేమిటన్నారు. కుమారి పాదం పట్టుకున్నాను. ఐసులో పెట్టిన చేపలా ఉంది.
పెళ్ళయ్యాక ఆవిడ ముందు గొంతు పెంచింది లేదు. "అత్తయ్యా, అది మన కుమారి రక్తమండీ" అని అరిచాను. చేతిలో గుడ్డ ఆవిడ ముఖం ముందే పట్టుకుని. ఆవిడ దాన్ని చూశారు, కూతుర్ని చూశారు. దోనె తెమ్మని కొడుకుని పిలిచింది ఆవిడే.
నీళ్ళ మీద గాలి. కుమారి తల నా ఒళ్ళో. వదినా, చలి అంది. తర్వాత ఏమీ అనలేదు. అంత భయంలోనూ నా బుద్ధి చూడు — దారిలో పోతే నేనే చంపానంటారే అనుకున్నాను. ఆయన ఫోను చేస్తే రోడ్డు మీదికి అంబులెన్సు వచ్చింది. ఇక్కడ రక్తం కావాలన్నారు. ఆయన ఇచ్చారు. చాలదట, ఇంకా కావాలట. మనుషుల్ని వెతకడానికి వెళ్ళారు.
అత్తయ్య నా పక్కనే, ఒళ్ళో పసిది. ఇందాక మెల్లగా అడిగారు.
"నా చేతుల్లో పోయినోళ్ళు... ఆళ్ళూ ఇలాగే పోయారంటావా అమ్మా?"
పసిదాని గుడ్డ సర్దాను. ఆవిడ ఒక్కొక్కరి పేరే చెప్పుకుంటున్నారు. ఆపమంటే ఆపడం లేదు. వాటిలో కొన్ని నాకు తెలిసిన పేర్లు.
కుమారిని తీసుకెళ్ళిన గది తలుపు తీశారు. కుమారి తాలూకు ఎవరని అడుగుతున్నారు. ఆయన ఇంకా రాలేదు. నేనే లేవాలి.