ఆర్విడ్ పక్కన చోటు

మే 18, 1974

సెల్మాతో గుట్ట మీదికి వెళ్లాను. సమాధుల పండగ వస్తోంది, గడ్డి కోయాలి. మా ఆయన ఆర్విడ్ సమాధి పక్కన, నాకోసం ఉంచిన చోటులో కూచుని కాఫీ తాగుతుంటే, అంత తొందరేంటి వదినా, ఇంకా పిలుపు రాలేదుగా అంది. ఆడపడుచు నోరు అంతే.

రాయి మీద ఆయన పేరు పక్కనే నా పేరు చెక్కించాం. పుట్టిన ఏడు, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. ఆయన పోయినప్పటినుంచీ ఆ ఖాళీని చూసే ధైర్యం తెచ్చుకుంటున్నాను.

మే 19

ఈసారి లీనాకి రాయి వేయిద్దామంటోంది సెల్మా. మా అత్తింటివాళ్లు, హెడ్‌లండ్‌లు, నెబ్రాస్కా వచ్చిన మొదటి చలికాలంలో పోయిన చంటిపిల్ల. ఈ గుట్ట మీద మొదటి సమాధి తనదే. తర్వాత మైదానంలో గడ్డి అంటుకుని కొయ్య శిలువ కాలిపోయింది. చోటు ఎవరికీ తెలీదు. అందుకే ఏటా తన పూలు గేటు దగ్గర పెడతాం. నేనే పెడతాను. మాకు పిల్లలు లేరని ఆ పని నాకు వదిలేశారు, ఎవరూ పైకి అనలేదు గాని.

మే 22, సాయంత్రం

సెల్మా రెండు హ్యాంగర్ తీగలు వంచి పట్టుకుని నడిచింది. వాళ్ల నాన్న పాత సమాధులు అలాగే వెతికేవాడు, కింద సమాధి ఉంటే తీగలు వాటంతటవే కలుస్తాయట. తీగలు ఒక్కచోటే కలిశాయి. నా చోటులో.

నేను నవ్వాను. తను నవ్వలేదు. ఇనుప చువ్వ దింపితే రాళ్లు తగిలాయి. తోడేళ్లు తవ్వకుండా ఆ రోజుల్లో పైన రాళ్లు పేర్చేవారు. ఊయలంత మేర రాళ్లు, ఆ తర్వాత ఉత్త మట్టి.

నిన్ను ఫెన్స్ దగ్గరికి మారుస్తాంలే వదినా, పసిదాన్ని కదపలేం కదా అంది.

మే 23

కుళ్లుకుంటున్నాను. ఎప్పుడో పోయిన చంటిదాని మీద. ఆర్విడ్ దుప్పటంతా లాక్కునేవాడు, అయినా పెళ్లయినప్పటినుంచీ ఆయన పక్కనే పడుకున్నాను. ఇప్పుడు ఫెన్స్ పక్కనా?

మే 25

సెల్మా రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకొచ్చింది. లీనాకి అవతలి చోటు సెల్మాది, మా అత్తగారి పక్కన. అది నువ్వు తీసుకో వదినా, అన్నయ్య ఒక పక్క, నువ్వొక పక్క, పిల్ల మధ్యలో అంది. మరి మీ అమ్మ పక్కన ఎవరే అన్నాను. బతికున్నన్నాళ్లూ ఆవిడ సణుగుడు విన్నాను, చాల్లే, ఫెన్స్ దగ్గర గాలి బాగుంటుంది అంది. నా మొహం చూడకుండా రొట్టె కోస్తూనే ఉంది. ఇద్దరం తింటూ ఏడ్చాం.

మే 27

పూలు ఈసారి గేటు దగ్గర పెట్టలేదు. లీనా దగ్గర పెట్టి, ఆర్విడ్‌తో చెప్పి వచ్చాను. దుప్పటి లాక్కోకు, మధ్యలో పిల్ల ఉంది.